తీతువు అనే పిలవండి

ఆదోనిలో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఒక తమాషా జరుగుతుంది. బెంచీ మీద నేనూ, మా వదినా, మధ్యలో మా అమ్మాయీ కూర్చుని ఉంటాం. పేర్లు పిలిచే నర్సమ్మ గడగడా పిలుచుకుంటూ వచ్చి మా పిల్ల చీటీ దగ్గర ఆగిపోతుంది. చీటీని కంటికి దగ్గరగా పెట్టుకుంటుంది. పక్కనున్న ఆమెకు చూపిస్తుంది. చివరికి నవ్వు ఆపుకుంటూ, "తీతువంట, ఎవురమ్మా?" అంటుంది. హాల్లో ఉన్న తల్లులంతా తల తిప్పి చూస్తారు. ఒకసారి ఒక పెద్దామె ఒళ్లో ఉన్న మనవడి మొహం మీద గబుక్కున కొంగు కప్పేసింది. మా పిల్లను చూస్తే వాడికి జ్వరం ఎక్కువవుతుందని కాబోలు.

మొన్న వెళ్లినప్పుడు కొత్త నర్సమ్మ ఉంది. చిన్న వయసు, మనసులో మాట దాచుకునే రకం కాదు. "ఇదేం పేరక్కా, దీనికి అర్థమేంది, యాడినుంచి తెచ్చినారు?" అని అందరి ముందే అడిగేసింది. నేను గొంతు సవరించుకున్నాను. ఈ ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ నా నాలుక బాగా పదునెక్కింది. కానీ నాకంటే ముందు మా పిల్లే చెప్పేసింది. ఒకటో తరగతి పిల్ల, ఒక్క మాటలో తేల్చేసింది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే మొదటి నుంచీ చెప్పుకు రావాలి.

పిట్ట పేరే పెట్టుకోవాలని ముచ్చటపడితే కోయిల లేదా, చిలక లేదా, హంస లేదా అని నన్ను చాలామంది నిలదీశారు. ఎందుకు లేవు, ఉన్నాయి. కోయిల తన గుడ్లు కాకి గూట్లో పెట్టేసి తాను పాటలు పాడుకుంటూ తిరుగుతుంది. చిలక ఎవరు ఏం నేర్పితే అదే అంటుంది. హంసను ఆదోని, ఎమ్మిగనూరు పక్కన చూసినవాళ్లు నాకింతవరకు తగల్లేదు. ఇక నెమలి అంటారా, ఆ అందమంతా మగదానిది, పేరు మాత్రం ఆడపిల్లలకు పెడతారు. ఇవన్నీ అందరూ మెచ్చిన పిట్టలు. వాటికి నా బిడ్డ తోడు అవసరం లేదు.

తీతువును పట్నంలో పుట్టినవాళ్లు చూసి ఉండకపోవచ్చు. మా పక్క చేలల్లో తిరిగినవాళ్లకు మాత్రం తెలియనిది కాదు. పచ్చటి పొడుగు కాళ్లు, నల్లటి మెడ, తెల్లటి పొట్ట, కంటి ముందు కుంకుమ పెట్టినట్టు ఎర్రటి కండ. చెట్టు మీద వాలదు, గూడు కట్టదు. బీడు నేలలోనో, దున్నిన చేలోనో నాలుగు రాళ్లు పక్కకు నెట్టుకుని నేల మీదే గుడ్లు పెడుతుంది. గుడ్లు కూడా మట్టి రంగే, పైన నల్లటి మచ్చలు, పక్కనే నిలబడినా కనబడవు. ఎవరైనా ఆ దిక్కుగా వస్తే మాత్రం చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. మనిషా, ఎద్దా, పామా, గద్దా అని చూడదు. నెత్తి మీదికి వచ్చి పొడిచేస్తుందేమో అన్నంతగా దూకుతుంది.

ఆ అరుపు ఇంటి మీదుగా పోతే ఆ ఇంట్లో ఒకరు పోతారని మా పక్క గట్టి నమ్మకం. నా చిన్నప్పుడు ఆ కూత వినబడితే మా అవ్వ పరుగున వెళ్లి పొయ్యిలో ఉప్పు వేసేది. నాకు అప్పటి నుంచే ఒక అనుమానం. కుక్క మొరిగితే దొంగ వచ్చాడంటాం గానీ, కుక్కే దొంగను తోలుకొచ్చిందని ఎవరూ అనరు కదా. మరి ఈ పిట్ట మీద ఎందుకు ఈ నింద? అడిగితే మా అవ్వ నా నెత్తిన ఒక్క మొట్టికాయ వేసేది. అంతకు మించిన జవాబు ఎవరి దగ్గరా లేదని నాకు ఆనాడే అర్థమైపోయింది.

మా నాయన గోనెగండ్ల పక్క పల్లెలో కూలికి ఎద్దులు కట్టి, నేల గుల్ల చేసే గుంటక తోలేవాడు. తనకు సెంటు భూమి లేదు. అయినా ఎవరి చేను అయినా ఆయన పద్ధతి ఒకటే. తీతువు నెత్తి మీద అరవడం మొదలుపెట్టిందంటే ఎద్దులను ఆపేసేవాడు. వంగి నేలంతా వెతికి గుడ్లు ఎక్కడున్నాయో చూసేవాడు. అక్కడికి గుంటక రాగానే రెండు చేతులతో పైకెత్తి, దాటించి, అవతల దింపేవాడు. చేటంత నేల దున్నకుండా మిగిలేది. పక్కన ఒక కంపకొమ్మ గుచ్చిపెట్టేవాడు, వెనకొచ్చే విత్తనాల గొర్రువాడికి, కలుపుతీసే ఆడవాళ్లకు గుర్తుగా. ఆ కొమ్మ కనబడితే మా పల్లెలో ఎవరూ అటు కాలు పెట్టరు, చేను ఎవరిదైనా సరే ఎందుకు వదిలావని అడగరు. ఇంట్లో దాని కూతకు ఉప్పు వేసేదీ ఈ జనమే, చేలో దాని గుడ్లకు దారి ఇచ్చేదీ ఈ జనమే. ఆ రెండూ ఒకే బుర్రలో ఎలా ఇముడుతాయో నాకు నేటికీ తెలియదు.

ఇక మనుషుల సంగతికి వస్తాను.

నేను బడిలో తెలుగు చెప్తాను. మా ఆయన ఆదోనిలో బట్టల అంగడిలో పనిచేస్తాడు. ఒకరినొకరు ఇష్టపడి చేసుకున్నాం. మాది కూలోళ్ల ఇల్లు, వాళ్లది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. నేను ఆ గడప తొక్కిన రోజు మా అత్త నాకు హారతి ఇచ్చింది గానీ నా మొహం చూడలేదు. మా మామ సరేసరి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే ఆయనకు లోకంతో పనిలేదు. ఆ ఇంట్లో నాతో మొదట మాట్లాడిన మనిషి మా వదిన, మా ఆయన అక్క. "అన్నం తిన్నావా, ఆడ నిలబడి గోడలు సూస్తాండావేం?" అని వంటింట్లోంచి ఒక్క కేక వేసింది. నేను ఉలిక్కిపడ్డాను. ఆమె గొంతు అట్లాంటిది. గుసగుసగా మాట్లాడాలన్నా నాలుగిళ్ల అవతలికి వినబడుతుంది.

ఆమెకు పెళ్లయిన ఏడాది తిరక్కుండానే మొగుడు జ్వరం వచ్చి పోయాడు. పుట్టింటికి వచ్చేసింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో తండ్రి మగ్గానికి నూలు కండెలు చుట్టడం, నీళ్లు పట్టడం, వంట, అంతా ఆమె చేతి మీదే. పని మొత్తం ఆమెది, శుభకార్యాలు మాత్రం ఆమెవి కావు. ఎవరైనా ఊరికి బయల్దేరుతుంటే ఆమె తనంతట తానే వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేది. ఎవరూ వెళ్లమనరు. అనాల్సిన పనిలేకుండా చేశారు.

వీధిలో ఆమెను వెనక ఏమని పిలుస్తారో నాకు కాపురానికి వచ్చిన కొత్తలోనే తెలిసింది. "తీతువు వస్తాంది, జరుగు" అని బోరింగు దగ్గర ఒకామె ఇంకొకామెతో అంది. నేను పక్కనే ఉన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పేరు ఎవరు పెట్టారో ఆరా తీశాను. వీధివాళ్లు కాదు. కన్నతల్లే. మొగుడు పోయాక ట్రంకు పెట్టెతో వచ్చి గడపలో నిలబడి గుండెలవిసేలా ఏడుస్తున్న కూతుర్ని చూసి మా అత్త, "తీతువు మాదిరి అరవొద్దే, ఇంట్లో ఇంకా మగోళ్లుండారు" అందట. దుఃఖంలో అందో, భయంతో అందో, ఆమెకే తెలియాలి. వీధికి మాత్రం ఆ ఒక్క మాట చాలింది.

నాకు నెలలు నిండాయి. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది కాబట్టి పురుటికి పుట్టింటికి వెళ్లే పని లేదు. ఎమ్మిగనూరులోనే ఉన్నాను. ఒకరోజు మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. మా ఆయన ఆదోనిలో ఉన్నాడు. మా అత్త గోడ గడియారం చూసి, "తొలి కాన్పు, యాడికి పోతాది. రాహుకాలం పోనీ, ఆమీన పోదాం" అంది. చెడ్డగా అనలేదు. ఆమె తల్లి ఆమెకు అట్లాగే చెప్పి ఉంటుంది. నాకు పంతులమ్మ చదువు ఉండి కూడా ఆ నొప్పిలో ఎదురు చెప్పడానికి నోరు రాలేదు.

వదిన నా పక్కన కూర్చుని నడుము రుద్దుతోంది. ఉమ్మనీళ్లు పోయాయి. ఆ నీళ్ల రంగు చూడగానే లోపల బిడ్డకు ఏదో అయిందని ఆమెకు అర్థమైంది. గబుక్కున లేచి వీధి గుమ్మంలోకి వెళ్లి అరవడం మొదలుపెట్టింది. ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. "ఆటో, ఆటో తీసుకురండప్పా, బిడ్డ ఉండాది లోపల, బిడ్డ" అని అదే మాట. మా అత్త వెనక నుంచి నోరు మూయబోతే చెయ్యి విదిలించుకుని ఇంకా గట్టిగా అరిచింది. వీధి చివర ఆటో కింద పడుకుని రిపేరు చేసుకుంటున్న అబ్బాయి చేతులకు గ్రీజుతోనే ఆటో తోలుకొచ్చాడు. రాహుకాలంలోనే నన్ను ఆసుపత్రికి చేర్చారు.

బిడ్డ మెడకు పేగు చుట్టుకుని ఉంది. డాక్టరమ్మ తర్వాత నాతో, "ఇంకొంచెం ఆలస్యం చేసి ఉంటే నేను చేసేదేమీ ఉండేది కాదు" అంది. ఆ మాట మా అత్త కూడా విన్నది.

అయినా వీధి తన లెక్క తనే వేసుకుంది. నన్ను చూడ్డానికి ఆసుపత్రికి వచ్చిన ఆడవాళ్లు మంచం పక్కన కూర్చుని ఏమన్నారో తెలుసా? "ఆయమ్మ గుమ్మంలో నిలబడి అట్ల అరిస్తే గండం రాక ఏమొస్తాది. దేవుడు సల్లగా సూసినాడు, బిడ్డ దక్కింది." వదిన అక్కడే ఉంది. నాకు గంజి పట్టుకొచ్చి తలుపు దగ్గర నిలబడి ఉంది. గ్లాసు కింద పెట్టి, ఏమీ వినబడనట్టు బయటికి వెళ్లిపోయింది. నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. కుట్లు లాగుతున్నా లేచి కూర్చున్నాను. అప్పుడే నా బిడ్డకు పేరు ఖాయమైంది.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన నవ్వాడు, తర్వాత నా మొహం చూసి ఆపేశాడు. "ఊర్లో పేర్లు కరువైనాయా?" అన్నాడు.

"కరువేమీ కాలేదు. ఇది ఒక్కటే ఎవరూ ముట్టుకోకుండా మిగిలింది. అందుకే నాకు కావాలి" అన్నాను.

"సూద్దాంలే" అన్నాడు. మా ఆయన మంచివాడు. ఏ గొడవ వచ్చినా సూద్దాంలే అని పక్కకు జరుగుతాడు. ఆ గొడవ నేను చూసుకోవాలి.

మా అత్తకు తెలిసిన రోజు పొయ్యి వెలగలేదు. పదిళ్లు వినేలా తిట్టింది. బడి పంతులమ్మవి, బుద్ధి ఉండాదా అంది. కన్నబిడ్డ మీద మట్టి పోసుకుంటావా అంది. నేనూ ఊరుకోలేదు. మా పక్క పుట్టిన పిల్లలు దక్కకపోతే తర్వాత పుట్టినవాణ్ణి తీసుకెళ్లి పేడకుప్ప మీద పడుకోబెట్టి, మళ్లీ ఎత్తుకొచ్చి, తిప్పన్న అనో, కుప్పమ్మ అనో పేరు పెడతారు. ఆ వీధిలోనే అట్లాంటి తిప్పన్నలు ముగ్గురో నలుగురో ఉన్నారు. "పేడకుప్ప పేరు పెడితే ఆయుష్షు పెరుగుతుంది, బిడ్డల్ని కాచుకునే పిట్ట పేరు పెడితే తగ్గుతుందా? ఏ శాస్త్రం అత్తా ఇది?" అన్నాను. ఆమె కోపం రెట్టింపైంది.

ఫోనులో మా నాయనకు చెప్పాను. కనీసం ఆయనైనా నా పక్క ఉంటాడనుకున్నాను. "దాని గుడ్లు తొక్కకుండా పోతాం గానీ, దాని పేరు ఇంట్లోకి తెచ్చుకుంటామా తల్లీ?" అన్నాడు. అది నన్ను బాగా నొప్పించింది.

అన్నిటికంటే కష్టమైంది మా వదినతోనే. ఆమె సంతోషిస్తుందని నేను పిచ్చిదానిలా ఊహించుకున్నాను. చెప్పగానే ఆమె చేతిలోని కండె జారి కిందపడింది. "నన్ను ఎగతాళి సేసేకి నీకు నీ బిడ్డే దొరికిందా?" అంది. ఆమె గొంతు అంత చిన్నగా రావడం నేను ఎప్పుడూ వినలేదు. కాదని చెప్పబోయాను. వినలేదు. "నా పీడ నాతోనే పోనీమ్మా. దానికి అంటియ్యొద్దు. నీ కాళ్లు పట్టుకుంటా" అంది.

ఊరంతా ఎదురైనా నేను బెదరను. ఆమె వద్దన్నప్పుడు మాత్రం తడబడ్డాను. ఆమెకు ఇష్టం లేని పేరు ఆమె కోసం పెట్టడం ఏం న్యాయం? పైగా మా పక్క ఆచారం ప్రకారం తొట్టెల్లో వేసేనాడు బిడ్డ చెవిలో పేరు చెప్పాల్సింది మేనత్తే. ఆమె నోట వచ్చిందే పేరు. తల్లి ఎంత గట్టిగా అరిచినా లాభం లేదు. మేనత్తను వదిలేసి, కౌతాళంలో ఉన్న మా ఆయన చిన్నాన్న కూతురితో ఆ పని చేయించాలని మా అత్త అప్పటికే మాట అనుకుంది. ఆ అమ్మాయి నిండు ముత్తయిదువ కదా. ఇక వదినకు ఏ పని మిగిలింది? వచ్చినవాళ్లకు గుగ్గిళ్లు ఉడకబెట్టడం.

మూడో నెలలో తొట్టెల్లో వేయాలని అనుకున్నారు. అంతకుముందు ఒకసారి బిడ్డను మా నాయనకు చూపించి రావాలని బయల్దేరాను. ఎత్తుకోవడానికి వదిన తోడు వచ్చింది. వానలు పడి విత్తనాలు పడే రోజులు. మా నాయన చేలో ఉన్నాడని ఇంటి దగ్గర చెప్పారు. నేను గట్టు మీద బిడ్డను ఎత్తుకుని నిలబడ్డాను. ఆయన్ను పిలుచుకొస్తానని వదిన చేలో అడ్డంగా నడిచింది.

నడిమధ్యకు పోయిందో లేదో, రెండు తీతువులు లేచాయి. ఆమె నెత్తి మీద గిరగిరా తిరుగుతూ ఒకటే అరుపు. ఒకటి ఆమె కొప్పును తాకేంత కిందికి దూకి మళ్లీ లేచింది. వదిన రెండు చేతులూ తల మీద పెట్టుకుని అక్కడే కూలబడబోయింది. దూరం నుంచి మా నాయన కేకేశాడు. "అమ్మా, ఆడనే నిలబడు. కాలు ఎత్తొద్దు."

ఆయన వచ్చి ఆమె కాళ్ల దగ్గర వంగి, వేలితో చూపించాడు. ఆమె మడమ పక్కనే, ఇంకొక్క అడుగు వేసి ఉంటే కింద పడేచోట గుడ్లు ఉన్నాయి. నేనూ దగ్గరికి వెళ్లాను. వదిన మెల్లగా గొంతుక్కూర్చుంది. పిట్టలు ఇంకా అరుస్తూనే ఉన్నాయి. ఆమె వాటిని చూడలేదు, గుడ్లనే చూస్తూ ఉంది.

"ఇంత అరిసేది దీనికోసమా?" అంది.

"మరి? దానికి కొమ్ములా, కోరలా? ఉండేది గొంతొక్కటే గదమ్మా" అన్నాడు మా నాయన, కంపకొమ్మ విరుస్తూ.

ఆయన ఏ ఉద్దేశంతోనూ అనలేదు. ఆయనకు మా వదినను వీధిలో ఏమంటారో కూడా తెలియదు. కానీ ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చేతిలోని కొమ్మ తీసుకుని ఆమే గుచ్చింది. నిలబడేదాకా చుట్టూ మట్టి ఎగదోసి అదిమింది. తర్వాత మేము గట్టు మీదికి వచ్చేశాం. మేము దూరమయ్యాక పిట్టలు అరుపు ఆపి నేల మీదికి దిగాయి. ఇంటికి వచ్చే దారంతా ఆమె బిడ్డను నాకు ఇవ్వలేదు. పేరు గురించి నేను ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు.

తొట్టెల రోజు ఇల్లంతా ఆడవాళ్లే. మా మామ ఆ సందడి పడలేక మగ్గం గుంటలో దూరి నేస్తూ కూర్చున్నాడు. మగ్గం చప్పుడు ఒకపక్క, పాటలు ఒకపక్క. ముందు రుబ్బురోలు పొత్రానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, దాన్ని బిడ్డలాగా తొట్టెల్లో ఊపారు. తర్వాత బిడ్డ వంతు. కౌతాళం ఆడబిడ్డ కొత్త చీరలో ముందుకు వచ్చి చేతులు చాపింది. వదిన వంటింటి తలుపు వెనక ఉంది. చేతిలో గుగ్గిళ్ల గిన్నె.

నేను బిడ్డను ఎత్తుకుని ఆ చాపిన చేతులను దాటి వంటింటి దాకా నడిచాను. పాటలు ఆగిపోయాయి. "ఏయ్, యాడికి పోతాండావు?" అంది మా అత్త.

"మేనత్త దగ్గరికి" అన్నాను.

"నా మాట విను. మంచిది గాదు."

"మంచిదో కాదో, ఈ బిడ్డ బతికింది ఆమె నోటి వల్లే అత్తా. డాక్టరమ్మ చెప్పినప్పుడు మీరూ ఉన్నారు. ఆ నోట పేరు పలికితే చస్తుందని మీ మనవరాలి మొహం చూసి చెప్పండి. ఇక్కడే ఆపేస్తాను."

మా అత్త నోరు తెరిచింది. బిడ్డ వైపు చూసింది. పక్కకు జరిగింది. దబాయించానే గానీ, లోపల భయం లేదనుకోకండి. వదిన కాదంటే అంతమందిలో నేనూ, ఆమే కాక నా బిడ్డ కూడా అభాసుపాలవుతుంది. వదిన గిన్నె కింద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ తుడుచుకుంది. బిడ్డను తీసుకుంది. తొట్టెల దగ్గరికి తానే నడిచి వచ్చింది. దారిలో ఉన్నవాళ్లు జరిగారు.

"ఏం పేరు సెప్పల్ల?" అని నన్నే అడిగింది, అందరూ వినేలా.

"నీ ఇష్టం వదినా. మేనత్తవి నువ్వు" అన్నాను. నిజంగానే అన్నాను. ఆమె లక్ష్మి అన్నా ఆ క్షణంలో తల ఊపేదాన్ని.

ఆమె బిడ్డ చెవి దగ్గర నోరు పెట్టింది. చెవిలో చెప్పడమంటే మెల్లగా చెప్పాలి. ఆమెకు మెల్లగా రాదని ముందే చెప్పాను కదా. "తీతువూ" అంది. మూడుసార్లు అనాలి. రెండోసారికి గొంతు ఇంకా పెరిగింది. మూడోసారికి మగ్గం చప్పుడు ఆగిపోయింది. అంత గొంతుకు బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు. ఆమె మొహంలోకి చూస్తూ కాళ్లు ఆడించింది.

మేనత్త పేరు చెప్పగానే చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆమె వీపు మీద పిడికిళ్లతో గుద్దాలి. అది ముచ్చట. ఎవరూ కదల్లేదు. నేను ముందుకు వచ్చి గుద్దాను. ఆ తర్వాత కౌతాళం ఆడబిడ్డ, పాపం, తనను పక్కన పెట్టినందుకు ఏమనుకుందో గానీ, నవ్వుతూ వచ్చి గట్టిగా ఒకటి వేసింది. దాంతో మిగతావాళ్లూ వచ్చారు. మగ్గం మళ్లీ మొదలైంది.

మా అత్త మాత్రం రాలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత చాలా నెలల దాకా ఆ పేరు ఆమె నోట రాలేదు. బంగారూ అనేది, పాపా అనేది, చిట్టీ అనేది. మనవరాలంటే ప్రాణం. పేరంటే గిట్టదు. నేనూ పట్టించుకోలేదు. వీధిలో మాత్రం ఒక మార్పు కనబడింది. బోరింగు దగ్గర ఇప్పుడు తీతువు అంటే మా పిల్లా, మా వదినా అని అడగాల్సి వస్తోంది. పసిపిల్లను అంత కసిగా పిలవడం ఎవరికీ చేతకాదు. గొంతులో ముద్దు వచ్చేస్తుంది. ఆ మాటలోని విషం పిండేయడానికి నాకు ఇంకో దారి దొరకలేదు.

పిల్ల పాకడం మొదలుపెట్టింది. మా ఇంట్లో పాకే పిల్లకు పెద్ద గండం మగ్గం గుంట. ఒకరోజు మామ భోజనానికి లేచి వెళ్లాడు. నేను అప్పుడే బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాను. అత్త వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఆమె తల ఎత్తి చూసేసరికి పిల్ల గుంట అంచు మీద, ఒక చెయ్యి గాల్లో. చేట విసిరేసి, "తీతువూ" అని ఆమె పెట్టిన కేకకు నా చేతిలో చెంబు జారిపోయింది. పిల్ల ఆ కేకకు ఆగి వెనక్కి తిరిగి చూసింది. అంతలో అత్త దాన్ని వాటేసుకుంది.

వంటింట్లోంచి వదిన వచ్చి తలుపు దగ్గర నిలబడింది. చేతులకు పిండి ఉంది. తల్లి నోట ఆ మాట విని ఎన్నేళ్లయిందో. ఆమె మొహం పాలిపోయి ఉంది. మా అత్త పిల్లను గుండెకు అదుముకుని కూతురి వైపు చూసింది.

"నిన్ను గాదమ్మా. దీన్ని పిలిసినా" అంది.

"ఎవుర్ని పిలిస్తే ఏముందిలే" అంది వదిన. "పలికినాను గదా."

దగ్గరికి వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చుంది. చెల్లాచెదురైన బియ్యం ఎత్తసాగింది. మా అత్త ఏడ్చింది. కూతురి కోసం ఆమె ఏడవడం నేను చూసింది అదే మొదలు. నేను అక్కడ ఉండకూడదనిపించి, అవసరం లేకపోయినా మళ్లీ కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాను.

ఇప్పటికీ అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. బడిలో తోటి పంతులమ్మలు, పెద్దయ్యాక పెళ్లికి అడ్డం వస్తుంది, మార్చేయమంటారు. పేరు విని పారిపోయేవాడు నా బిడ్డకు మొగుడు కాకపోవడమే మేలు అంటాను. అర్థం ఏమిటంటారు. కొమ్ములూ కోరలూ లేకపోయినా తన వాళ్ల మీదికి వచ్చేదాన్ని గొంతొక్కటి పెట్టుకుని ఎదిరించేది అంటాను. ఇంత పొడుగు జవాబు నాది. చెప్పి చెప్పి అలవాటైపోయింది. చెప్పిన ప్రతిసారీ కొంచెం పొగరుగా చెప్తానన్నది కూడా నిజమే.

మొన్న ఆదోనిలో ఆ కొత్త నర్సమ్మ అడిగినప్పుడు కూడా ఇదంతా చెప్పడానికే గొంతు సవరించుకున్నాను. అందరూ వింటున్నారు. పక్కన వదిన ఎప్పటిలాగే తల వంచుకుని, నా సంచి సర్దుతున్నట్టు కూర్చుంది. మా పిల్ల బెంచీ దిగింది. చీటీ కోసం చెయ్యి చాపింది. ఊర్లో ఏ పిల్లయినా తన పేరు గురించి చెప్పుకునే మామూలు మాటే చెప్పింది, వింత ఏముంది అన్నట్టు.

"మా అత్త పేరు పెట్టినారు నాకు" అని వదినను చూపించింది.